మైక్ మార్చే ముందు చూడాల్సినవి: ఎస్‌ఎస్‌బీలో గొంతు స్పష్టంగా వెళ్లాలంటే

సిగ్నల్ బలంగానే ఉంది, మాట మాత్రం ముద్దగా వస్తోంది అని అవతలివైపు నుంచి రిపోర్టు రాగానే చాలామంది హామ్‌ల (అమెచ్యూర్ రేడియో వాళ్ల) అనుమానం మైక్ మీదికే పోతుంది. కొత్త మైక్ కొంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే రిపోర్టు వస్తుంది. నోటి నుంచి యాంటెన్నా దాకా ఉన్న దారిలో మైక్ ఒక మజిలీ మాత్రమే కాబట్టి ఇలా జరుగుతుంది. గది, నోటికీ మైక్‌కూ మధ్య దూరం, గెయిన్ (మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న సర్దుబాటు), ఫిల్టర్, పవర్ యాంప్లిఫయర్, దానికి అందే 13.8 వోల్టులు, యాంటెన్నా నుంచి తిరిగి రేడియో గదిలోకి వచ్చే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగ శక్తి): వీటిలో ఏది చెడినా వినేవాడి చెవికి "ఆడియో బాగాలేదు" అనే అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో తేల్చుకోకుండా ఈక్వలైజర్ తిప్పడం మొదలుపెడితే ఉన్న లోపానికి ఇంకొకటి తోడవుతుంది. అందుకే ఈ పనికి ఒక వరస ఉంది, ఆ వరసలో ఈక్వలైజర్, కంప్రెసర్ (మెల్లని, గట్టి మాటల మధ్య తేడాను తగ్గించేది) చివరన వస్తాయి.

ఇక్కడి ఉదాహరణలన్నీ 7 మెగాహెర్ట్జ్ ఎస్‌ఎస్‌బీవి (సింగిల్ సైడ్‌బ్యాండ్, అంటే గొంతును ఒక పక్క బ్యాండ్‌లోనే పంపే పద్ధతి). రిగ్‌లు (రేడియో సెట్లు) రెండు. ఒకటి ఐకామ్ ఐసీ-7300. రెండోది హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ) రూపొందించిన మైక్రో బిట్‌ఎక్స్. మొదటిదాంట్లో ఆడియో పని అంతా డీఎస్‌పీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి సర్దే చిప్) చూసుకుంటుంది. రెండోదాంట్లో ప్రతి దశా ట్రాన్సిస్టర్లతో, క్రిస్టల్స్‌తో కళ్లెదుటే కనిపిస్తుంది. రెండింటిలోనూ సూత్రాలు ఒకటే.

ఆ రెండున్నర కిలోహెర్ట్జ్‌లో ఏం పడుతుంది

మామూలు ఎస్‌ఎస్‌బీ ప్రసారంలో 300 నుంచి 2700 హెర్ట్జ్ వరకే ఆడియో వెళ్తుంది. మగ గొంతు మూల పౌనఃపున్యం సుమారు 85 నుంచి 155 హెర్ట్జ్, ఆడ గొంతుది 165 నుంచి 255 హెర్ట్జ్. అంటే మూల స్వరం అసలు గాల్లోకే వెళ్లదు. అయినా గొంతు గుర్తుపట్టగలుగుతాం, ఎందుకంటే పైనున్న హార్మోనిక్స్ మధ్య దూరాన్ని బట్టి చెవి ఆ స్వరాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి 300 కింద ఉన్న బేస్ పోయినందుకు అర్థం ఏమీ పోదు. దాన్ని పంపితే మాత్రం నష్టం ఉంది. గొంతులోని శక్తిలో పెద్ద భాగం కింది పౌనఃపున్యాల్లోనే ఉంటుంది, యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన 100 వాట్లలో ఎక్కువ భాగాన్ని అది మింగేస్తుంది.

మాట తెలిసేది హల్లుల వల్ల. కాలు, పాలు, తాలు అనే మూడు మాటల్లో తేడా అంతా మొదటి అక్షరం నుంచి అచ్చులోకి జారే ఆ కొద్ది మిల్లీసెకన్లలోనే ఉంటుంది. ఆ జారుడు గుర్తులు దాదాపు 1000 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య పడతాయి, శక్తిలో చాలా చిన్నవి. బ్యాండ్ నాయిస్‌లో ముందుగా మునిగిపోయేవి అవే. "స" లోని బుస చాలావరకు 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది, అది ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో లాగే ఇక్కడా "స", "ఫ" ఒకేలా వినిపించడం రిగ్ లోపం కాదు. ఎంత ఖరీదైన మైక్ పెట్టినా ఆ బుస తిరిగిరాదు. చేయగలిగింది 1000 నుంచి 2700 మధ్య ఉన్న దాన్ని కాపాడుకోవడం.

గది, దూరం

మన ఇళ్లలో టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన సీలింగ్ ఫ్యాన్. ఎస్‌ఎస్‌బీ ఆడియోకు ఈ మూడూ కలిసి చేసే చెరుపు చాలా ఎక్కువ. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైక్‌ను 20 సెంటీమీటర్లకు జరిపితే గొంతు 12 డీబీ (డెసిబెల్స్) పడిపోతుంది. ఫ్యాన్ చప్పుడు, గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని అంతే ఉంటాయి. "డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది" అనే రిపోర్టుకు అసలు కారణం చాలాసార్లు ఇదే.

దీని మీద కంప్రెసర్ కూడా ఆన్‌లో ఉంటే సంగతి ఇంకా చెడుతుంది. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ చప్పుడు గొంతుకు 40 డీబీ కింద ఉందనుకుందాం. 15 డీబీ కంప్రెషన్ పెడితే మాటకూ మాటకూ మధ్య విరామంలో గెయిన్ 15 డీబీ పైకి లేస్తుంది, ఫ్యాన్ చప్పుడు గొంతుకు 25 డీబీ కింద మాత్రమే ఉండిపోతుంది. బలమైన సిగ్నల్ మీద అది స్పష్టంగా వినిపిస్తుంది. మైక్ వెనక ఒక దుప్పటి వేలాడదీయడం, కిటికీకి మందపాటి కర్టెన్ వేయడం, మాట్లాడేటప్పుడు ఫ్యాన్ తగ్గించడం: వీటికి ఖర్చు లేదు, ఫలితం మాత్రం కొత్త మైక్ కన్నా ఎక్కువ.

మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా ఒక మూలకు, 45 డిగ్రీల కోణంలో, 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. "ప", "భ" పలికినప్పుడు వచ్చే గాలి నేరుగా డయాఫ్రమ్‌కు తగలదు. ఒకవైపు నుంచే తీసుకునే కార్డియాయిడ్ డైనమిక్ మైక్‌లు మరీ దగ్గరైతే బేస్‌ను పెంచుతాయి. వాటిని ఇంకొంచెం దూరంగా పెట్టడం మేలు, లేదా ఆ బేస్‌ను కింద చెప్పినట్టు కెపాసిటర్‌తో కోయాలి.

మైక్ కలిపే చోట జరిగే పొరపాట్లు

ఐకామ్ ఎనిమిది పిన్నుల సాకెట్‌లో 1వ పిన్ మైక్, 7వది మైక్ గ్రౌండ్, 5వది పీటీటీ (నొక్కి మాట్లాడే మీట), 6వది పీటీటీ గ్రౌండ్, 2వ పిన్‌లో 8 వోల్టులు వస్తాయి. 1వ పిన్ మీదే ఎలక్ట్రెట్ మైక్‌కు కావలసిన డీసీ బయాస్ కూడా ఉంటుంది. అందుకని మామూలు ఎలక్ట్రెట్ గుళికను 1, 7 పిన్నుల మధ్య పాజిటివ్ 1వ పిన్‌కు వచ్చేలా కలిపితే సరిపోతుంది. డైనమిక్ మైక్‌ను అలా నేరుగా కలిపితే దాని కాయిల్ గుండా డీసీ పారుతుంది, కాయిల్ ఒకపక్కకు జరిగి మాట వక్రమవుతుంది. మధ్యలో ఒక కెపాసిటర్ తప్పనిసరి.

ఆ కెపాసిటర్‌తోనే బేస్‌నూ కోయవచ్చు. కోత మొదలయ్యే పౌనఃపున్యం లెక్కించేటప్పుడు రిగ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌ను మాత్రమే చూడటం తరచూ జరిగే తప్పు. మైక్ ఇంపీడెన్స్‌నూ కలపాలి. 600 ఓమ్‌ల మైక్, 600 ఓమ్‌ల ఇన్‌పుట్ కలిపి 1200 ఓమ్‌లు. 0.47 మైక్రోఫారాడ్ పెడితే 280 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది, 1 మైక్రోఫారాడ్ పెడితే 130 దగ్గర. 0.22 పెడితే 600 హెర్ట్జ్ దగ్గరే మొదలై గొంతు పలచబడుతుంది. ఫిల్మ్ కెపాసిటర్ వాడితే ప్లస్, మైనస్ చూసుకోవాల్సిన పని లేదు.

యేసు (Yaesu), కెన్‌వుడ్ కంపెనీల సాకెట్లలో పిన్నుల వరస వేరు. ఎనిమిది పిన్నుల ప్లగ్ సరిపోయింది కదా అని ఐకామ్ మైక్‌ను కెన్‌వుడ్ రిగ్‌కు పెట్టకూడదు. కెన్‌వుడ్‌లో 8 వోల్టులు 5వ పిన్‌లో ఉంటాయి, ఐకామ్ మైక్‌లో అదే పిన్ పీటీటీ.

గెయిన్, ఏఎల్‌సీ: అసలు సమస్య ఇక్కడే

మైక్ గెయిన్ పెంచితే మీటర్ ముల్లు ఇంకా పైకి వెళ్తుంది కాబట్టి సిగ్నల్ బలపడిందని అనిపిస్తుంది. ఏఎల్‌సీ (ప్రసార బలం హద్దు దాటకుండా తానే తగ్గించే వ్యవస్థ) పూర్తిగా నిండిన తర్వాత పెరిగేది సిగ్నల్ కాదు, స్ప్లాటర్, అంటే పక్క ఫ్రీక్వెన్సీల్లోకి చిమ్మే చెత్త. ఎలాగో చూద్దాం. డయల్ 7.100 మెగాహెర్ట్జ్ మీద ఎల్‌ఎస్‌బీలో (కింది సైడ్‌బ్యాండ్‌లో) ఉందనుకుంటే ప్రసారం 7.0973 నుంచి 7.0997 దాకా ఉండాలి. 700, 1900 హెర్ట్జ్ టోన్లు రెండు ఒకేసారి వెళ్తున్నాయనుకోండి. యాంప్లిఫయర్ సరళంగా (ఎంత ఇస్తే అదే నిష్పత్తిలో పెంచుతూ) పనిచేయకపోతే వాటి నుంచి మూడో తరగతి ఉత్పత్తులు పుడతాయి: రెండు 1900లలోంచి 700 తీసేస్తే 3100, రెండు 700లలోంచి 1900 తీసేస్తే మైనస్ 500. మొదటిది 7.0969 దగ్గర, ఫిల్టర్ హద్దు దాటి పడుతుంది. రెండోది 7.1005 దగ్గర, అవతలి సైడ్‌బ్యాండ్‌లో పడుతుంది. ఐదో తరగతివి 4300 దగ్గర, మైనస్ 1700 దగ్గర. ఇవన్నీ ఫిల్టర్ తర్వాత పుట్టినవి కాబట్టి రిగ్‌లోని ఏ బ్యాండ్‌విడ్త్ సెట్టింగూ వీటిని ఆపలేదు.

100 వాట్ల రిగ్‌లలో ఈ మూడో తరగతి ఉత్పత్తులు సరిగ్గా సర్దినప్పుడు కూడా దాదాపు 30 డీబీ కిందే ఉంటాయి. సిగ్నల్ మీటర్ మీద ఎస్9 ప్లస్ 20 బలంతో వినిపించే స్టేషన్‌కు అంటే పక్క ఫ్రీక్వెన్సీలో ఎస్7కు పైన చెత్త ఉన్నట్టు. అతిగా తోస్తే ఇంకా ఎక్కువ. పక్కన మాట్లాడుకునేవాళ్లకు ఇబ్బంది కలగడం ఒక ఎత్తు. ఈ ఉత్పత్తుల్లో కొన్ని ప్రసారం లోపలే పడి మాటను గరగరగా మారుస్తాయి, అదే సొంత శ్రోతకు వినిపించే నష్టం. పవర్‌ను 100 నుంచి 80 వాట్లకు తగ్గిస్తే సిగ్నల్ 1 డీబీ తగ్గుతుంది, అవతల ఎవరికీ తెలియదు. మూడో తరగతి ఉత్పత్తులు మాత్రం సిగ్నల్‌తో పోల్చితే సిద్ధాంతం ప్రకారం 2 డీబీ తగ్గుతాయి.

ఐసీ-7300లో సర్దే పద్ధతి ఇది. 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను మింగే నిరోధం) పెట్టి, కంప్రెసర్ ఆఫ్ చేసి, మీటర్‌ను ఏఎల్‌సీకి మార్చాలి. క్యూఎస్‌ఓలో (రేడియో సంభాషణలో) మాట్లాడినట్టే మాట్లాడుతూ ఏఎల్‌సీ పరిధిలో 30 నుంచి 50 శాతం మధ్య ఊగేలా మైక్ గెయిన్ పెట్టాలి. "ఆ…" అని సాగదీసి సర్దకూడదు, అది మాటల శిఖరాలను చూపించదు. కాల్‌సైన్, ఫోనెటిక్స్ పలకడం మేలు. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను చాలామంది ఒకేసారి పిలిచే చోట) పిలిచేటప్పుడు ఎవరి గొంతైనా పెరుగుతుంది. కాబట్టి ఆ ఊపులో పలికి సర్దుకుంటేనే నిజంగా పనికొస్తుంది. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక మెల్లగా మాట్లాడుతూ సర్దిన గెయిన్ పగలు కచ్చితంగా ఎక్కువవుతుంది.

మైక్రో బిట్‌ఎక్స్‌లో ఏఎల్‌సీ లేదు. గట్టిగా అరిస్తే ఆపేది ఏదీ లేదు, శిఖరాలు చదునైపోతాయి. అందులోని రెండు ఐఆర్‌ఎఫ్510 పవర్ ట్రాన్సిస్టర్లకూ విడివిడి బయాస్ ప్రీసెట్లున్నాయి. రెండింటినీ ముందు కనిష్ఠానికి తిప్పి, పవర్ యాంప్లిఫయర్ సరఫరా తీగలో మల్టీమీటర్‌ను కరెంట్ రేంజ్‌లో వరసగా కలిపి, డమ్మీ లోడ్ పెట్టి, మైక్‌లో మాట్లాడకుండా పీటీటీ నొక్కాలి. మొదటి ప్రీసెట్‌తో కరెంట్ 100 మిల్లీ ఆంపియర్లు పెరగాలి, తర్వాత రెండోదానితో ఇంకో 100. బయాస్ తక్కువైతే క్రాసోవర్ వక్రీకరణ వస్తుంది: గట్టి మాటలు బాగానే ఉండి, మెల్లగా పలికిన మాటల చివరలు గరుకుగా తెగిపోతాయి. ఎక్కువైతే హీట్‌సింక్ కాలుతుంది. ఐఆర్‌ఎఫ్510 వెనక రేకు డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది, హీట్‌సింక్‌కు మధ్య మైకా లేదా సిలికాన్ షీట్ లేకుండా బిగించకూడదు.

కంప్రెసర్ లేదు కదా అని ఎస్‌ఎస్‌ఎమ్2167 చిప్ ఉన్న చిన్న బోర్డును మైక్‌కూ రిగ్‌కూ మధ్య పెట్టేవాళ్లు చాలామంది. మంచి పనే. ఆ చిప్ 2.5 నుంచి 5.5 వోల్టుల మీద పనిచేస్తుంది, రిగ్‌లోని 12 వోల్టులు ఇస్తే పోతుంది. దాని అవుట్‌పుట్ ఎలక్ట్రెట్ గుళిక ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ కాబట్టి తర్వాత 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి తగ్గించాలి. లేకపోతే కంప్రెషన్ చేసిన మంచిని ఓవర్‌డ్రైవ్ చెరిపేస్తుంది.

బీఎఫ్ఓ: మైక్రో బిట్‌ఎక్స్ గొంతు ఇక్కడ తయారవుతుంది

ఈ రిగ్‌లో ఒక క్రిస్టల్ ఫిల్టర్ ఉంది (తొలి వెర్షన్లలో 12 మెగాహెర్ట్జ్ దగ్గర). గొంతు బేస్‌గా ఉండాలా, సన్నగా ఉండాలా అనేది ఆ ఫిల్టర్ అంచుకు బీఎఫ్ఓ (ఎస్‌ఎస్‌బీని తయారుచేయడానికి, విడదీయడానికి వాడే ఆసిలేటర్) ఎంత దూరంలో కూర్చుందన్న దాన్ని బట్టి తేలుతుంది. బీఎఫ్ఓ ఫిల్టర్ లోపలికి జరిగితే బేస్ ఎక్కువై, క్యారియర్ కూడా ఫిల్టర్‌లోంచి జారిపోతుంది, అవతలి సైడ్‌బ్యాండ్ కింది పౌనఃపున్యాలూ బయటికొస్తాయి. బయటికి జరిగితే గొంతు రేకు డబ్బా మోగినట్టు సన్నబడుతుంది. క్రిస్టల్స్ ఏ రెండు బోర్డుల్లోనూ సరిగ్గా ఒకేలా ఉండవు కాబట్టి ఇంకొకరి బీఎఫ్ఓ అంకెను అలాగే ఎక్కించుకోవడం వృథా.

బిట్‌ఎక్స్ నిర్మాణంలో రిసీవ్‌కూ ట్రాన్స్‌మిట్‌కూ అదే ఫిల్టర్, అదే బీఎఫ్ఓ. అందువల్ల ట్రాన్స్‌మిట్ చేయకుండానే దీన్ని సర్దవచ్చు. యాంటెన్నా కలిపి, 7 మెగాహెర్ట్జ్‌లో ఎవరూ లేని చోట నాయిస్ వింటూ, ఇయర్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్ సౌండ్ కార్డుకు తీగ కలిపి స్పెక్ట్రమ్ చూపించే సాఫ్ట్‌వేర్ తెరవాలి. తెర మీద నాయిస్ ఒక గుట్టలా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో బీఎఫ్ఓను 50 హెర్ట్జ్ చొప్పున జరుపుతూ ఆ గుట్ట ఎడమ అంచు 300 హెర్ట్జ్ దగ్గర లేచేలా పెట్టాలి. ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టి యాప్‌తో చూడటం కన్నా తీగ కలపడమే నమ్మదగింది, చిన్న స్పీకర్ 300 దగ్గర సహజంగానే బలహీనంగా ఉండి అంచును తప్పుగా చూపిస్తుంది. ఎల్‌ఎస్‌బీకి, యూఎస్‌బీకి (పై సైడ్‌బ్యాండ్‌కు) విడిగా సర్దనక్కర్లేదు. సైడ్‌బ్యాండ్ మారేది ఇంకో ఆసిలేటర్ వల్ల, బీఎఫ్ఓ కదలదు.

కరెంటు, ఆర్‌ఎఫ్

100 వాట్ల రిగ్ శిఖరాల దగ్గర 20 ఆంపియర్లకు పైన లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగ్ తీగను 3 మీటర్లు వాడితే, పోను రాను 6 మీటర్లలో 0.9 వోల్టు దాకా పడిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.4 లోపే. ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిపేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం: నిండిన బ్యాటరీయే 12.7 వోల్టులు, అందులోంచి ఒక వోల్టు పోతే యాంప్లిఫయర్ సరళత దెబ్బతిని, గెయిన్ సరిగ్గా ఉన్నా స్ప్లాటర్ వస్తుంది. మాట్లాడుతున్నప్పుడు రిగ్ సాకెట్ దగ్గరే వోల్టేజి కొలవాలి, సరఫరా పెట్టె దగ్గర కాదు.

హమ్ వినిపిస్తే దాని శ్రుతి చూడాలి. 100 హెర్ట్జ్ అయితే రెక్టిఫయర్ తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్ బలహీనపడింది. 50 అయితే ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే మైక్ తీగ ఉండటం, లేదా కంప్యూటర్‌కూ రిగ్‌కూ మధ్య గ్రౌండ్ లూప్. ప్రసారంలో 300 కింద కోత ఉంటే ఈ రెండూ చాలావరకు కనుమరుగవుతాయి గానీ వాటి హార్మోనిక్స్ మిగులుతాయి.

ఆర్‌ఎఫ్ తిరిగొచ్చే సమస్యకు ఒక కచ్చితమైన గుర్తు ఉంది. 5 వాట్ల దగ్గర మాట శుభ్రంగా ఉండి, 100 వాట్లకు పెంచితే గొంతులో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టయితే, లేదా ఒక బ్యాండ్‌లో బాగుండి ఇంకో బ్యాండ్‌లో చెడితే, అది ఆడియో సెట్టింగ్ సమస్య కాదు. డమ్మీ లోడ్ మీద పూర్తి పవర్‌తో బాగుంటే ఇక సందేహమే అక్కర్లేదు. కోయాక్స్ పై తొడుగు మీదుగా ఆర్‌ఎఫ్ గదిలోకి వస్తోంది. కౌంటర్‌పాయిజ్ (నేల బదులు వేసే తీగ) సరిగాలేని ఎండ్-ఫెడ్ యాంటెన్నాలతో, అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో ఇది మామూలే. ఫెయిర్‌రైట్ 31 రకం, 2.4 అంగుళాల రింగ్ మీద ఆర్‌జీ-58 కేబుల్ 10 నుంచి 12 చుట్లు చుట్టి ఫీడ్ పాయింట్ దగ్గర పెట్టాలి, వీలైతే రిగ్ దగ్గర ఇంకొకటి. మైక్ ప్లగ్ లోపల ఆడియో పిన్‌కూ మైక్ గ్రౌండ్‌కూ మధ్య 1 నానోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్ అతకాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 22 ఓమ్‌ల దారి ఇస్తుంది, 3 కిలోహెర్ట్జ్ ఆడియోకు 53 కిలో ఓమ్‌లు కాబట్టి మాటను ముట్టుకోదు.

ఇప్పుడు ఈక్వలైజర్, కంప్రెసర్

పైవన్నీ సరిచేసుకున్నాక మిగిలే పని చిన్నది. ఐసీ-7300లో ఎస్‌ఎస్‌బీ ట్రాన్స్‌మిట్ బేస్, ట్రెబుల్ మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఉంటాయి. చాలా మగ గొంతులకు బేస్ మైనస్ 2, ట్రెబుల్ ప్లస్ 3 మంచి మొదలు. సన్నని గొంతైతే బేస్‌ను సున్నా దగ్గరే ఉంచాలి. వెడల్పుల్లో వైడ్ 100–2900, మిడ్ 300–2700, న్యారో 500–2500 ముందుగానే ఉన్నాయి. రోజూ కలిసే స్నేహితులతో తీరిగ్గా మాట్లాడటానికి వైడ్ హాయిగా ఉంటుంది. దూరపు స్టేషన్ 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌తో వింటున్నప్పుడు ఆ అంచుల్లో పెట్టిన పవర్ అతని దాకా చేరదు, అక్కడ మిడ్ లేదా న్యారోనే మేలు. యేసు ఎఫ్‌టీ-991ఏలో మూడు పట్టీల పారామెట్రిక్ ఈక్వలైజర్ ఉంది, ప్రాసెసర్ ఆన్‌లో ఉన్నప్పుడు వేరే మూడు పట్టీలు పనిచేస్తాయి. ఒకటి సర్ది రెండోది మర్చిపోతే ప్రాసెసర్ నొక్కగానే గొంతు మారిపోతుంది. అందులో పెంచడం కన్నా కోయడం మంచిది: 1500 పైన 6 డీబీ పెంచే బదులు 200, 300 దగ్గర అంతే తగ్గిస్తే స్పష్టత అలాగే వస్తుంది, నాయిస్ పెరగదు.

కంప్రెసర్ మీటర్ 20 డీబీ దాకా ఊగవచ్చని ఐకామ్ మాన్యువల్ ఒప్పుకుంటుంది. స్థానిక సంభాషణకు శిఖరాలు 10 డీబీని తాకితే చాలు. మామూలు మాటలో సగటు పవర్ శిఖరానికి 12 డీబీ, అంతకన్నా ఎక్కువ కిందే ఉంటుంది. ఆ ఖాళీలో కొన్ని డీబీలు పూడిస్తే బలహీన పరిస్థితుల్లో నిజంగా ఉపయోగం. కంప్రెసర్ ఆన్ చేశాక ఏఎల్‌సీ మళ్లీ చూడాలి, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ మోడ్‌లకు మారేటప్పుడు కంప్రెసర్, ఈక్వలైజర్ రెండూ ఆఫ్ కావాలి, ఏఎల్‌సీ కదలని స్థాయికి కంప్యూటర్ ఆడియో తగ్గాలి.

వినకుండా తేల్చలేం

రిగ్‌లోని మానిటర్ ఆడియో పవర్ యాంప్లిఫయర్‌కు ముందు తీసుకున్నది. ఈక్వలైజర్ ఎలా ఉందో అందులో తెలుస్తుంది, స్ప్లాటర్ తెలియదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో వినగలిగే రిసీవర్), లేదా సిగ్నల్ చేరే దూరంలో ఉన్న అలాంటి ఏదైనా కివీఎస్‌డీఆర్ తెరిచి, కాల్‌సైన్ చెప్పి కొద్దిసేపు మాట్లాడి రికార్డు చేసుకుంటే అసలు గొంతు వినిపిస్తుంది. ఒకే వాక్యాన్ని ఒక్కో సెట్టింగ్‌తో చదివి, సెట్టింగ్ పేరు కూడా పలికితే తర్వాత పోల్చడం సులభం. ఫేడింగ్ వల్ల మోసపోకుండా ప్రతి సెట్టింగ్‌నూ రెండుసార్లు చదవాలి. వాటర్‌ఫాల్‌లో (తెర మీద కదిలే ఫ్రీక్వెన్సీల పటంలో) ప్రసారం 2.7 కిలోహెర్ట్జ్ దగ్గర గోడలా ఆగుతోందా, మాట ఊపుకు అటూ ఇటూ చిమ్ముతోందా అని చూడాలి. చిమ్ముతుంటే మైక్ గెయిన్‌ను కొంచెం తగ్గించి మళ్లీ మాట్లాడి పోల్చాలి.

ఇంట్లోనే చూడాలంటే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్‌ను డైరెక్ట్ శాంప్లింగ్‌లో పెట్టి, డమ్మీ లోడ్ మీద ప్రసారం చేస్తూ గమనించవచ్చు. దానికి తీగ ముక్క యాంటెన్నా కూడా ఎక్కువే అవుతుంది, సిగ్నల్ దాన్ని ముంచకుండా దూరంగా పెట్టాలి. అది 8 బిట్ల రిసీవర్ కాబట్టి తనలోనే చెత్త పుట్టిస్తుంది. తెర మీద కనిపించే స్ప్లాటర్ నిజమైనదా కాదా అనుమానం వస్తే డాంగిల్‌ను ఇంకొంచెం దూరం జరపాలి. ప్రసారం ఎంత తగ్గిందో స్ప్లాటర్ కూడా అంతే తగ్గితే అది రిగ్‌ది, ఉన్నట్టుండి మాయమైతే డాంగిల్‌ది.